అరుగుదల

మా నాన్న పాటలు వినేవాడు కాదు, లెక్కపెట్టేవాడు.
శుక్రవారం శుక్రవారం
వ్యాను వెనక రికార్డుల పెట్టెలు పేర్చుకుని
హెలీనా నుంచి మేరియానా దాకా
పదిహేడు జూక్‌బాక్సుల పొట్టలు విప్పి చూసేవాడు.
లోపల పాటకొక చిన్న మీట,
మోగినన్నిసార్లు ఒక్కో గీత జరిగేది.
"జనం నోటితో అబద్ధమాడతారు అమ్మడూ,
నాణెంతో ఆడరు" అనేవాడు.

లెక్కల పుస్తకం నా చేతిలో.
రాక్ సంగీతం చరిత్ర నేను చదువుకున్నది అందులోనే,
పెన్సిలు గీతల్లో, అయిదేసి కట్టలుగా.

యాభైమూడులో ఒక పాట వచ్చింది.
వానకు నాని చినిగిన స్పీకరుతోనే వాయించేశారట,
గిటారు గొంతులో గుప్పెడు కంకర.
పాడైన సరుకు, తిప్పి పంపమంది కంపెనీ.
నాన్న పంపలేదు.
మిస్ ఒడెలియా కేఫ్‌లో ఆ వారం రెండువందల పన్నెండు!
పత్తి జిన్ను కుర్రాళ్ళు, జుట్టు నిండా దూదితో,
నేలపలకలు రెండు విరగ్గొట్టారు.

రెండేళ్ళకి అదే పాట
రైలుపట్టాల అవతల, తెల్లవాళ్ళ ఐస్‌క్రీం దుకాణానికి
వేరే గొంతు తొడుక్కుని వచ్చింది.
నూనె రాసి దువ్విన గొంతు.
కంకర ఏరేశారు.
రాసినవాడి పేరు కూడా ఎవరో ఏరేశారు.
పాట ముందు గుమ్మంలో మోగేది,
పాటను మోసుకొచ్చిన మా నాన్న
వెనక గుమ్మంలోంచి వెళ్ళేవాడు.

అరవైనాలుగు.
సముద్రం అవతలి పిల్లలు పాడి పంపారు,
మన చేలో పత్తిని చొక్కా కుట్టి మనకే అమ్మినట్టు.
"చొక్కా మాత్రం బాగా కుట్టారు"
అన్నాడు నాన్న, చాలాసేపు నవ్వలేదు.

అప్పటికి నాకు బడిలో ఉద్యోగమొచ్చింది,
శుక్రవారాలు మాత్రం మానలేదు.
పాటలు పొడుగయ్యాయి. ఒక్క నాణేనికి ఏడు నిమిషాలు!
మా తిండి లాక్కునే పాట అని విసుక్కుంటూనే పెట్టాడు.
ఆ రాత్రి కేఫ్‌లో ఎవరూ ఎగరలేదు.
కుర్చీలు లాక్కుని కూర్చున్నారు,
మొదటిసారి,
సిగరెట్లు వాటంతటవే కాలిపోతుంటే.

ఇక ఎర్ర నాణేల సంగతి.
గోళ్ళరంగు పూసి దుకాణదారుకు ముందే ఇస్తాం,
ఖాళీ వేళ పెట్టె మోగించి జనాన్ని పిలవడానికి.
అవి ఎర. లెక్కలోకి రావు. ఏరి తిరిగిచ్చేయాలి.
ఒడెలియా డబ్బాలో ప్రతివారం ఏడు,
ఎన్నేళ్ళయినా ఏడే.
మీటలు చూస్తే ఏడూ ఒకే రికార్డువి, వెనకవైపువి.
ఆ పాట ఇంకెవరూ వేయరు.
రోజుకొకటి, తలుపులు మూశాక.

ఒకసారి నేనే వేసి చూశాను.
ఒక ఆడగొంతు, నిదానంగా,
చర్చి మెట్ల మీంచి తోసేసినట్టున్న గిటారు.
అదే కంకర.
రికార్డు నంబరు చూసి నాన్న గొణిగాడు: "ఇది యాభైది."
అంటే మూడేళ్ళ ముందు.
ఎవరు పాడారని అడిగాను.
ఒడెలియా గల్లా తుడుస్తూ తుడుస్తూ
"అప్పట్లో నా వేళ్ళు ఇంత లావు కాదులే" అంది.

నాన్న ఏమీ అనలేదు.
ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, మరో ప్రతి దొరకదు.
ఆ వారం నుంచి ఆమె పెట్టెకు మాత్రం
నెలనెలా కొత్త సూది, బిల్లు లేకుండా.

ఆ రికార్డు ఇప్పుడు నా దగ్గరుంది.
చెప్పిందే చెప్పేవాళ్ళని అరిగిన రికార్డంటారు.
దీన్ని పెడితే ఏమీ చెప్పదు,
సూది జారుతుంది, నూనెలో ఉల్లిపాయ వేగినట్టు చప్పుడు,
అడుగున ఎక్కడో ఒక ఊపిరి.

లెక్కల పుస్తకం వెనక అట్ట లోపల
నాన్న చేతిరాత మొన్ననే చూశాను.
ఎక్కడా రాయకూడని ఏళ్ళ తరబడి ఏడులు,
అయిదు గీతల కట్ట, పక్కన రెండు,
అయిదు గీతల కట్ట, పక్కన రెండు.